అంబలి చెంబును తూకం వేశాను

“అన్నం తగ్గిస్తే మెదడు పనిచేయదు. చోడి అంబలి తాగేవారికి షుగర్ రాదు. పిండి పదార్థం తగ్గించిన భోజనం డబ్బున్నవాళ్ల ముచ్చట.” విజయనగరంలో మా వీధివాళ్ల ఫోన్లన్నింటికీ చేరిన వాట్సాప్ సందేశం సారాంశం ఇది. దీన్ని నమ్మి మా మేనత్త తగ్గించిన అన్నాన్ని మళ్లీ పెంచింది. అందుకే నాకు ఒళ్లు మండింది.

మెదడుకు రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు కావాలన్నది నిజమే. అది అన్నం నుంచే రావాలనడం అబద్ధం. పిండి పదార్థం బాగా తగ్గితే కాలేయమే మాంసకృత్తుల నుంచి గ్లూకోజు తయారుచేస్తుంది, కొవ్వు కరిగి వచ్చే కీటోన్లనూ మెదడు వాడుకుంటుంది. మొదటి వారం తలనొప్పి, నీరసం రావచ్చు. ఇన్సులిన్ తగ్గి, మూత్రంలో ఉప్పూ నీరూ ఎక్కువగా పోవడమే అందుకు ముఖ్య కారణం. రక్తపోటు లేనివారికి ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ చాలావరకు సాయపడుతుంది.

ఇక అంబలి. చోళ్లంటే, అదే రాగులంటే, నాకూ ఇష్టమే. కాల్షియంలో, పీచులో బియ్యం వాటి ముందు నిలవదు. కానీ 100 గ్రాముల చోడిపిండిలో పిండి పదార్థం సుమారు 67 గ్రాములు, బియ్యంలో 78. తేడా అంతే! పైగా మెత్తగా విసిరి, బాగా ఉడికించి, జావలా తాగితే ఇట్టే అరిగిపోయి రక్తంలో షుగర్‌ను త్వరగా పెంచుతుంది. మేనత్త పొద్దున తాగే అంబలికి సరుకులు తూచాను: పిండి 60 గ్రాములు, నూకలు 40 గ్రాములు, పైన బెల్లం ముక్క. బెల్లం లెక్కలో వేయకుండానే పిండి పదార్థం సుమారు 70 గ్రాములు తేలింది. అంటే పావు కిలో అన్నం తిన్నట్టే. కాగితం మీద ఆ అంకె చూసి, “నీ తూకం పాడైనట్టుందిరా” అంది.

ఖర్చు సంగతా? గుడ్లు, నెత్తళ్లు, ఆనపకాయ, తోటకూర ఎప్పుడు శ్రీమంతుల సరుకయ్యాయి? పలాస జీడిపప్పు ఖరీదే, కానీ దాని అవసరమే లేదు. అందులో 100 గ్రాములకు 30 గ్రాముల పిండి పదార్థం ఉంటే, వేరుశెనగపప్పులో దాదాపు సగమే.

ఇప్పుడు మేనత్తకు పొద్దున ఉల్లిపాయ వేసిన రెండు గుడ్ల అట్టు. మధ్యాహ్నం ఒక గరిటె అన్నం, దానికి రెండింతలు ఆనపకాయ కూర, బెల్లం వేయని నెత్తళ్ల పులుసు. రాత్రి పల్చటి పెసరట్టు ఒకటి, కొబ్బరి పచ్చడి. కొత్తగా మొదలుపెట్టేవారు ఒక్కసారిగా ఇంత దూరం రానక్కరలేదు. ఈ వారం ఒక గరిటె అన్నం తగ్గించి, ఆ చోట కూర వేసుకోండి.

ఆ సందేశం చెప్పాల్సింది చెప్పనే లేదు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టరును అడగకుండా అన్నం బాగా తగ్గిస్తే, మందు మోతాదు ఎక్కువై షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎంతోమందికి ఉన్న కిడ్నీ జబ్బు మీకూ ఉంటే, గుడ్లు, చేపలు సొంతంగా పెంచకండి.

మేనత్త ఒక షరతు పెట్టింది: ఆదివారం అంబలి ఉండాల్సిందే. సరేనన్నాను. గ్లాసుడే, నూకలూ బెల్లమూ లేకుండా, మజ్జిగ కలిపి, పచ్చి ఉల్లిపాయ నంజుకుని.