నేలకు 170 మిల్లీమీటర్ల ఎత్తున

2025 సెప్టెంబరు 22న మా మావయ్య మధ్యాహ్నం భోజనం మానేశాడు. కోనసీమలో ఇది చిన్న సంగతి కాదు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమోనని ఇరుగుపొరుగు వచ్చి పలకరించారు. ఎవరికీ ఏమీ కాలేదు. పెద్ద కార్ల మీద పన్ను తగ్గింది, అంతే. అప్పటిదాకా 28 శాతం జీఎస్టీ, దాని మీద 22 శాతం సెస్సు, వెరసి 50 ఉండేది. ఆ రోజు నుంచి 40 చేశారు. మావయ్య బండి కొన్నది అంతకు నాలుగు నెలల ముందు. పోయిన డబ్బు గురించి ఆయనకు బెంగ లేదు. రేపు అదే బండిని అవతలి వీధివాడు తక్కువకు కొంటాడు, ఊరంతా తన బండి కూడా ఆ తక్కువదే అనుకుంటుంది. అదీ ఆయన దిగులు.

పెద్ద బళ్ల ధరలు మండిపోతున్నాయని పత్రికలు గగ్గోలు పెడుతున్నాయి. డెల్టా మనసు తెలియనివాళ్లు రాసే రాతలివి. ఇక్కడ మనం కొనేదే ధర. ఇంజను, చక్రాలు, స్టీరింగు వగైరా దానితోపాటు కొసరుగా వస్తాయి. 2009లో ఫార్చ్యూనర్ మన దేశంలో అడుగుపెట్టినప్పుడు షోరూం ధర పద్దెనిమిదిన్నర లక్షల లోపే. ఇప్పుడు ఆ సొమ్ముకు రమారమి ముందు సగం వస్తుంది. వెనక సగానికి రొయ్యల చెరువు ఒకటి అమ్ముకోవాలి. అమ్ముతున్నారు కూడా. పుస్తెలమ్మైనా పులస తినమన్న నేలకు ఇదొక లెక్కా?

ప్రభుత్వానికి మా సంగతి బాగా తెలుసు. పన్ను వేయదగిన పెద్ద బండి ఏదో ముచ్చటగా నిర్వచించింది. పొడవు నాలుగు మీటర్లు దాటాలి, ఇంజను 1500 సీసీ దాటాలి, బండి అడుగుభాగం నేలకు కనీసం 170 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. మనిషి హోదాను మట్టికి ఎంత దూరంలో కూర్చున్నాడన్న దాన్ని బట్టి కొలవడం మన పెద్దలకూ తెలిసిన విద్యే గానీ, మిల్లీమీటర్లలో తేల్చినవాళ్లు మాత్రం వీళ్లే. ఆ ఎత్తును ఎప్పుడు కొలవాలన్నదీ పెద్ద చిక్కే అయింది. 2023 జూలైలో జీఎస్టీ మండలి 50వ సమావేశం కూర్చుని, ఎవరూ ఎక్కని ఖాళీ బండికే కొలవాలని తేల్చింది. ఎంతో ముందుచూపు ఉన్న నిర్ణయం. అలా కాకుండా మా ఊరి పెళ్లిలో పనసపొట్టు కూర, గుత్తివంకాయ, బూరెల్లో నెయ్యి, ఆపైన గడ్డపెరుగు కానిచ్చి ఏడుగురు ఎక్కాక కొలవమని ఉంటే, ఖజానాకు పడే గండి ఏ గోదావరి వరదకూ పడి ఉండదు.

మావయ్య అల్లుడు డల్లాస్‌లో పికప్ ట్రక్కు కొన్నాడు. దాని వెనక తొట్టిలో ఇంతవరకు మోసింది పెరుగు డబ్బా ఒక్కటే. అక్కడా ధరలు అంతే, 2025 సెప్టెంబరులో కొత్త బండి సగటు ధర 50 వేల డాలర్లు దాటింది. ట్రక్కుల ఖరీదుకు కారణాలు తవ్వుతూ పోతే ఒక కోడి బయటపడుతుంది. 1960ల మొదట్లో ఐరోపా దేశాలు అమెరికా కోడిమాంసం మీద సుంకం పెంచాయి. అమెరికాకు ఒళ్లు మండి, 1964 నుంచి బయటి దేశాల చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. కోళ్ల తగాదా చల్లారింది. సుంకం మాత్రం అరవై ఏళ్లు దాటినా పోలేదు, దాన్ని ఇప్పటికీ కోడి పన్ను అనే పిలుస్తారు. ఆర్థికవేత్తలకు వింతగా ఉంటుందేమో గానీ, కోడి వల్ల బండి చేజారడం మాకు ప్రతి సంక్రాంతికీ ఉన్నదే. అంత పెద్ద దేశం అరవై ఏళ్లుగా ఈడుస్తున్న వ్యవహారం మా బరిలో డేగ పుంజుకూ కాకి పుంజుకూ అర నిమిషం పని.

లారీల సంగతి వేరు. వాటి పన్ను 28 నుంచి 18కి తగ్గింది. కానీ 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అనే పొగ నియమాలు వచ్చాక పొగను కడిగే సరంజామా చేరింది, అందులో పోయడానికి యూరియా ద్రావణం చేరింది. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకు క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి అయింది. (ఇందులో నా వెటకారం ఏమీ లేదు. మే నెల ఎండలో అంబాజీపేట కొబ్బరికాయలు వేసుకుని రాష్ట్రాలు దాటే మనిషికి అది ఎప్పుడో దక్కాల్సింది.) లారీ యజమాని చేసిన పొరపాటల్లా బండిని పనికి వాడటం. అలా వాడినవాడు కిరాయి గిట్టిందా లేదా అని చూసుకోవాలి. నిలబెట్టుకునేవాడికి ఆ బాధ లేదు.

నిలబెట్టడానికి చోటు కావాలి, అది నిజమే. మావయ్య పెరట్లో నాలుగు కొబ్బరి చెట్లుండేవి. కొబ్బరి చెట్టు ఇంటికి పెద్ద కొడుకని మా వైపు మాట. పెద్ద కొడుకు ఎప్పుడు ఏ కాయ బానెట్ మీద రాలుస్తాడో తెలియదు కాబట్టి ఇద్దరిని నరికించాడు. అత్తయ్య వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. పెరుగుకీ కూరలకీ ఆయన ఇప్పటికీ పాత స్కూటర్ మీదే వెళతాడు.

ఇక రోడ్లు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొరకు ఊరూరా విగ్రహం పెట్టి దండలు వేస్తున్నాం, వేయాల్సిందే. కాలువలో పడవలు పోవడానికి లాకుల దాకా ఆలోచించిన మనిషి, గట్టు మీద రెండు పెద్ద బళ్లు ఎదురుపడితే ఏది కాలువలోకి దిగాలో రాసి పెట్టకుండా వెళ్లిపోయాడు.

మొన్న ఆ గట్టు మీదే కొబ్బరికాయల లారీ మాకు ఎదురొచ్చింది. మావయ్య వెనక్కి తీద్దామని చూస్తే, బండిలోని తెర మీద ఒక పక్క కాలువ, ఇంకో పక్క వరిచేను, వెనక పిల్లల్ని కుక్కుకున్న స్కూలు ఆటో చక్కగా కనిపించాయి. లారీ డ్రైవరు దిగి, మెడలోని తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ మా బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. తిట్టడానికే వస్తున్నాడనుకున్నాను.

“ఎంతయిందండీ బండి?” అన్నాడు.

ఆటోవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు. మావయ్య ఇంజను ఆపి, తలుపు తెరుచుకుని, మెల్లగా కిందికి దిగాడు. సెప్టెంబరుకు ముందున్న ధరే చెప్పాడు, ఇంకో రెండు లక్షలు కలిపి.