పేరు విక్టోరియా, దారి మీరే వెతుక్కోండి

మా మేనల్లుడు చదువుకోవడానికి లండన్ వెళ్ళి మూడు నెలలైంది. మొన్న ఆదివారం వాడి నుంచి ఫోన్. తెలుగు పిల్లలంతా విక్టోరియా పార్కులో కలుద్దామనుకున్నారట. తలా ఒక వంటకం తేవాలి, వీడి వంతు పులిహోర. పేరు చూసి విక్టోరియా లైన్ రైలెక్కాడు, విక్టోరియా స్టేషన్‌లో దిగాడు, స్టీలు డబ్బా పట్టుకుని బయటికొచ్చాడు.

"మామయ్యా, ఇక్కడ విక్టోరియా స్ట్రీట్ ఉంది, విక్టోరియా బస్టాండు ఉంది, విక్టోరియా పేరుతో నాటకాల థియేటరు కూడా ఉంది. పార్కే లేదు."

ఫోన్‌లో వెతికితే రాయల్ విక్టోరియా అని ఇంకో స్టేషన్ తగిలింది. ఆశగా అక్కడికి పోయాడు. తీరా చూస్తే అది ఓడల రేవు. అసలు పార్కు తూర్పు లండన్‌లో ఉందని, మైల్ ఎండ్‌లో దిగి నడవాలని తెలిసి వాడు చేరేసరికి మిగతావాళ్ళు దుప్పట్లు దులిపి మడతపెడుతున్నారు. పులిహోర చెరువు గట్టున కూర్చుని వాడొక్కడే తిన్నాడు. బాతులు చూస్తూ ఉన్నాయట.

ఈ ఘటనను నేను తేలిగ్గా తీసుకోలేదు. ఐరోపాలో ఒకే పేరు ఇన్ని చోట్ల ఎందుకు అతికించారన్న విషయం మీద స్వతంత్ర పరిశోధన చేపట్టాను. నిధులు: మా ఇంటి వైఫై. కాలవ్యవధి: భోజనానికి, కునుకుకు మధ్య దొరికినంత. ఫలితాలు దిగ్భ్రాంతి కలిగించేవే. గోడల మీద, గేట్ల మీద ఇంత పెద్ద అక్షరాలతో రాసిన ఆ పేరుతో నోరారా పిలిచేవాళ్ళు మాత్రం చాలా తక్కువ.

అసలు ఆ పేరున్న ఇంగ్లండు రాణిగారి సంగతే చూడండి. 1819లో పుట్టింది. బాప్తిస్మం రోజున తల్లిదండ్రులు అనుకున్న పేర్లను పెదనాన్నగారు, అంటే అప్పట్లో రాజ్యం నడుపుతున్న యువరాజు, ఒక్కొక్కటే కొట్టిపారేశాడు. జార్జియానా వద్దు, షార్లెట్ వద్దు, ఆగస్టా వద్దు. పిల్లను ఎత్తుకున్న ఆర్చిబిషప్పుగారు పేరు కోసం ఎదురు చూస్తూ నిలబడ్డాడు. మన బారసాలల్లో బాబాయిలు అలగడం మామూలేగానీ, బియ్యంలో పేరు రాసే టైముకి పళ్ళెం లాగేసుకున్న పెదనాన్నను నేను చూడలేదు. చివరికి రష్యా జారు పేరు మీదుగా అలెగ్జాండ్రినా అని ఖాయం చేసి, సరే, వెనకాల వాళ్ళమ్మ పేరు కూడా తగిలించండి అన్నాడు. ఆ తగిలించిన పేరే విక్టోరియా. ఇంట్లో పిలిచింది మాత్రం డ్రీనా అని. 1837లో పద్దెనిమిదేళ్ళకు గద్దెనెక్కగానే ఆవిడ చేసిన తొలి పనుల్లో ఒకటి అలెగ్జాండ్రినాను వదిలించుకోవడం.

ఆ తర్వాత ఆవిడా పెదనాన్న బాటే పట్టింది. తన వంశంలో పుట్టిన ఆడపిల్లల పేర్లలో విక్టోరియా, మగపిల్లల పేర్లలో తన భర్త పేరు ఆల్బర్ట్ ఉండాలని పట్టుదల. మన దగ్గర ఒక మనవరాలికి నాయనమ్మ పేరు పెడితే ముచ్చట తీరుతుంది. అక్కడ పెద్దకూతురు విక్టోరియా, ఆ కూతురి కూతురు విక్టోరియా, పెద్దకొడుకు కూతురు విక్టోరియా, రెండో కొడుకు కూతురు విక్టోరియా, చిన్నకూతురు కూతురు విక్టోరియా. పండక్కి అందరూ చేరినప్పుడు రాణిగారు "విక్టోరియా, ఇలా రా" అంటే పరిస్థితి ఏమిటి? అందుకే ఇంట్లో వాళ్ళు వరసగా విక్కీ, మొరెట్టా, టోరియా, డకీ, ఈనా. డకీ అంటే బాతుపిల్ల. మన బుజ్జి, చిట్టి, పండుల ముందు ఇంగ్లండు రాజవంశం కూడా తలవంచిందని సవినయంగా మనవి.

ఇక పార్కులు. ఆవిడ పేరు మొట్టమొదట పెట్టుకున్న పార్కు ఇంగ్లండులోని బాత్ నగరంలో ఉంది. 1830లో పదకొండేళ్ళ రాకుమారి స్వయంగా వచ్చి ప్రారంభించింది. అదే రోజు ఆవిడ చీలమండలు లావుగా ఉన్నాయని ఎవరో అన్నారని, అది చెవిన పడి జన్మలో మళ్ళీ ఆ ఊళ్ళో అడుగు పెట్టలేదని, రైల్లో అటుగా వెళ్ళినా కిటికీ తెరలు దించుకునేదని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. నిజానిజాలు ఆ రైలుకే తెలియాలి. పార్కు మాత్రం ఆమె అలిగిన ఊళ్ళో ఆమె పేరుతోనే నడుస్తోంది.

మావాడు దారి తప్పిన లండన్ పార్కు కథ వేరు. అది ఎవరూ దయతో ఇచ్చింది కాదు. ఈస్ట్ ఎండ్‌లో ఇరుకు ఇళ్ళు, పొగ, రోగాలు. గాలి పీల్చుకోవడానికి చోటు కావాలని 1840లో 30,000 మంది సంతకాలు పెట్టి రాణికి అర్జీ ఇచ్చారు. 1845లో పార్కు తెరిచారు. మూడేళ్ళకే ఓటు హక్కు కోసం పోరాడే చార్టిస్టులు అక్కడ సభ పెడితే, పోలీసులను దింపాల్సి వచ్చింది. అంటే రాణి పేరున్న పచ్చికలో నిలబడి రాణిగారి ప్రభుత్వాన్నే దులిపేశారు. ఊరి జనం పార్కును ఏమంటారనుకున్నారు? విక్కీ పార్క్. నా సిద్ధాంతానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు, అయినా ఇస్తాను.

బెర్లిన్‌లో ఒక విక్టోరియా పార్కు ఉంది. అది కూతురు విక్కీ పేరుతో. ఆవిడ జర్మనీ మహారాణిగా ఉన్నది 1888లో 99 రోజులే, భర్త గొంతు క్యాన్సర్‌తో పోయాడు. అక్కడి పెద్దలకు ఆవిడంటే ఎప్పుడూ 'ఆ ఇంగ్లీషావిడే'. ఆవిడను నమ్మలేదుగానీ ఆవిడ పేరుతో ఒక కొండ, దాని మీంచి దూకే జలపాతం ఇచ్చారు. జలపాతం పంపుతో నడిచేది, అది వేరే సంగతి. అదే ఊళ్ళో టియర్‌గార్టెన్ పార్కు మధ్య విజయస్తంభం మీద బంగారు రెక్కలతో ఇంకో విక్టోరియా నిలబడి ఉంటుంది. ఈవిడ రోమన్ల విజయదేవత, అంటే పేరుకు అసలు హక్కుదారు. బెర్లిన్ జనం ఆ తల్లిని గోల్డెల్సే అంటారు. బంగారు ఎల్సే. దేవతకే ముద్దుపేరు తప్పలేదు.

స్కాట్లండులోని గ్లాస్గోవాళ్ళు రాణి పాలనకు 50 ఏళ్ళు నిండాయని 1887లో ఒక పార్కు కట్టుకుని ఆమె పేరు పెట్టారు. దారి కోసం పాత రాతి క్వారీ తవ్వుతుంటే రాయిగా మారిన చెట్ల మొద్దులు బయటపడ్డాయి, మొత్తం పదకొండు. వయసు 32 కోట్ల ఏళ్ళ పైమాటే. 50 ఏళ్ళ పండుగకు వచ్చిన అతిథుల్లో అంత సీనియర్లు మరెవరూ లేరు.

పార్కులు లేని విక్టోరియాలూ ఉన్నారు. ఇటలీ శిల్పి మైకెలాంజెలో స్నేహితురాలు, కవయిత్రి విట్టోరియా కొలొన్నా ఈ పేరును రాణికి మూడు వందల ఏళ్ళ ముందే వాడేసింది. స్పెయిన్‌లో విక్టోరియా కెంట్ అనే లాయరు 1931లో పార్లమెంటులో నిలబడి, ఆడవాళ్ళకు ఓటు ఇప్పుడే వద్దు అంది. తను మహిళా సభ్యురాలై ఉండి. స్వీడన్ యువరాణి విక్టోరియా కోసం అక్కడ చట్టమే మార్చారు. 1979లో పుట్టిన తమ్ముడు మగపిల్లాడు కాబట్టి వారసుడయ్యాడు. 1980 జనవరి 1 నుంచి ఎవరు ముందు పుడితే వారిదే గద్దె అన్నారు. ఏడు నెలల పసివాడికి ఉయ్యాల్లోనే ఉద్యోగం పోయింది. ఫుట్‌బాల్ ఆటగాడు బెకమ్ గారి భార్య విక్టోరియా గురించి మా ఇంట్లో పిల్లలే ఎక్కువ చెప్పగలరు.

ఆఖరి సాక్షి వేల్స్‌లోని కార్డిఫ్‌ది. 1912లో జాలర్ల వలలో పడ్డ సీలు అనే సముద్రజంతువును తెచ్చి అక్కడి విక్టోరియా పార్కు చెరువులో వదిలారు. బిల్లీ అని పేరు పెట్టారు, మగ పేరే. ఊరికి వరదొచ్చినప్పుడు బిల్లీగారు చెరువు దాటి రోడ్డు మీద ఈదుకుంటూ వెళ్ళారని ఇప్పటికీ కథలు చెబుతారు. 1939లో చనిపోయాక చూస్తే బిల్లీ ఆడది. పాతికేళ్ళ పైగా ఆ పార్కులో నిజంగా ఏలిన రాణి ఆవిడే అయినా, ఎవరూ గుర్తుపట్టలేదు.

ఈ ఫలితాలన్నీ మొదట మా అక్క విజయలక్ష్మికి వినిపించాను, వాడి కన్నతల్లి కదా అని. లాటిన్‌లో విక్టోరియా అంటే విజయమే అక్కా అన్నాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నదల్లా ఆపింది.

"అంటే కన్నతల్లి పేరున్న పార్కు కనుక్కోవడానికి వాడికి ఇన్ని రైళ్ళు కావాల్సొచ్చాయన్నమాట" అంది.

ఆ పూటే లండన్‌కి వీడియో కాల్ వెళ్ళింది.