కిందపడ్డా పైచేయి వాళ్లదే

ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో క్రీడాస్ఫూర్తి చచ్చిపోయిందని గోలపెట్టేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. చావడం వేరు, చచ్చినట్టు పడుండటం వేరు. ఫుట్‌బాల్ చూసేవాడికి ఆ మాత్రం తేడా తెలియకపోతే ఎలా? పెనాల్టీ బాక్సులో డిఫెండర్ గాలి సోకిందో లేదో, దున్నపోతులాంటి స్ట్రైకర్ కుప్పకూలతాడు. నాలుగు పొర్లు పొర్లి, చీలమండ పట్టుకుని, గడ్డిని అరచేత్తో బాదుతాడు. అవతలివాడికి కార్డు చూపించారని తెలియగానే లేచి, సాక్సు పైకి లాక్కుని, పెనాల్టీ తనే కొడతాడు. దీన్ని మీరు మోసం అంటారు. నేను కోలుకోవడం అంటాను. అంత త్వరగా కోలుకోవడం వైద్యులకు మింగుడుపడకపోతే అది వైద్యుల తప్పు.

ఆటగాళ్ల మీద లోకం వేస్తున్న అభాండాలను ఒక్కొక్కటే పరిశీలించాలని ఈ వ్యాసం తలపెట్టాను. ముందుగా రివాల్డో. 2002 ప్రపంచకప్, బ్రెజిల్-టర్కీ మ్యాచ్, ఇంజురీ టైమ్. బ్రెజిల్ 2-1తో ముందుంది. కార్నర్ కొట్టాల్సిన రివాల్డో తాపీగా నిలబడ్డాడు. ఒళ్లుమండిన టర్కీ ఆటగాడు హకన్ ఉన్సాల్ బంతిని అతని వైపు తన్నాడు. బంతి తొడకు తగిలింది. రివాల్డో ముఖం పట్టుకుని కూలిపోయాడు. తొడకు తగిలితే ముఖం నొప్పిపుట్టకూడదని ఎక్కడైనా రాసుందా? ఉన్సాల్‌కు రెండో ఎల్లో కార్డు, దాని వెంటే రెడ్, అంటే మైదానం బయటికి. ఆ నెలాఖరుకు కప్పు బ్రెజిల్‌ది.

ఫిఫా ఊరుకుందనుకోకండి. రివాల్డోకు 11,500 స్విస్ ఫ్రాంకుల జరిమానా వేసింది. మ్యాచ్ నిషేధం మాత్రం వెయ్యలేదు, పాపం మనిషి అసలే దెబ్బతిని ఉన్నాడు. నాలుగేళ్ల తర్వాత బెర్లిన్‌లో ప్రపంచకప్ ఫైనల్ జరుగుతుండగా ఫ్రాన్స్ కెప్టెన్ జిదాన్ వెనక్కి తిరిగి వచ్చి ఇటలీ డిఫెండర్ మాటెరాజీ ఛాతీలో తలతో పొడిచాడు. జరిమానా 7,500 ఫ్రాంకులు. అంతకుముందు నోరుజారినందుకు మాటెరాజీకి 5,000. ఇప్పుడు ధరల పట్టిక చూసుకోండి. తిడితే ఐదు వేలు, పొడిస్తే ఏడున్నర వేలు, ముఖానికి తగలని దెబ్బకు ముఖం పట్టుకుంటే పదకొండున్నర వేలు. నటనకు ఇంత విలువ కట్టే సంస్థ నాటకరంగంలో కూడా లేదు. జిదాన్‌కు మూడు మ్యాచ్‌ల నిషేధం కూడా పడింది కానీ, అప్పటికే ఆయన రిటైరయ్యాడు. ఆడనివాణ్ణి ఆడొద్దనడం బాగుండదని మూడు రోజులు సమాజసేవ చేయించారు. టోర్నీ ఉత్తమ ఆటగాడికిచ్చే గోల్డెన్ బాల్ కూడా ఆయనకే ఇచ్చారు. శిక్ష శిక్షే, మర్యాద మర్యాదే.

ఉరుగ్వే స్ట్రైకర్ లూయిస్ సువారెజ్‌కు జరిగింది మరీ అన్యాయం. 2010లో ప్రత్యర్థి ఆటగాడు ఒట్మన్ బక్కల్‌ను కొరికితే ఏడు మ్యాచ్‌ల నిషేధం. 2013లో ఇవానోవిచ్‌ను కొరికితే పది. 2014 ప్రపంచకప్‌లో ఇటలీ డిఫెండర్ కియెల్లినీ దగ్గరికొచ్చేసరికి తొమ్మిది అంతర్జాతీయ మ్యాచ్‌లు, పైన నాలుగు నెలలు ఫుట్‌బాల్ ఊసే ఎత్తొద్దన్నారు. ఆ వీడియో నేను చాలాసార్లు చూశాను. కియెల్లినీ జెర్సీ పక్కకు లాగి భుజం మీది గాట్లు రిఫరీకి చూపించడానికి నానా తంటాలు పడుతుంటాడు. ఇవతల సువారెజ్ గడ్డి మీద చతికిలబడి రెండు చేతులతో పళ్లు పట్టుకుని ఉంటాడు. తాను కొరకలేదని, తూలి అతని మీద పడ్డానని, చెంప కమిలి పళ్లు విపరీతంగా నొప్పిపుట్టాయని ఫిఫాకు రాసిచ్చాడు కూడా. మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కడం అంటే ఇదేనని కొందరు ఎకసెక్కాలాడారు. ఆ భుజం ఎంత గట్టిదో వాళ్లకేం తెలుసు? కొన్ని రోజులకు సువారెజ్ క్షమాపణ చెప్పాడు. పంటినొప్పి తగ్గాక చెప్పి ఉంటాడు. కాటు వేసి మూడు వారాలు తిరక్కుండానే బార్సిలోనా అతణ్ణి కొనుక్కుంది.

బార్సిలోనా అంటే గుర్తొచ్చింది, ఆ జట్టు ఆటగాడు బుస్కెట్స్‌ను మరిచిపోతే పాపం చుట్టుకుంటుంది. 2010 ఛాంపియన్స్ లీగ్ సెమీ ఫైనల్లో ఇటలీ క్లబ్ ఇంటర్ ఆటగాడు తియాగో మోటా చెయ్యి తగలగానే రెండు చేతులతో ముఖం కప్పుకుని పడిపోయాడు. పడ్డవాడు పడి ఉండక, వేళ్లు కాస్త ఎడంచేసి, ఆ సందులోంచి రిఫరీ ఏం చేస్తున్నాడా అని తొంగిచూశాడు. కెమెరా పట్టేసింది. మోటాకు రెడ్ కార్డు వచ్చింది. ఎంత కష్టపడి ఏం లాభం, పదిమందితోనే కాచుకుని ఇంటర్ ఫైనల్‌కు వెళ్లిపోయింది.

ఇంత జరుగుతున్నా క్రమశిక్షణ లేదంటారే, అదీ నా బాధ. ఉంది. నిజం చెప్పి చూడండి, ఎంత ఉందో తెలుస్తుంది. 2019 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లో ఆయాక్స్ మీద రియల్ మాడ్రిడ్ 2-1తో గెలుస్తుండగా కెప్టెన్ సెర్జియో రామోస్ చివర్లో ఎల్లో కార్డు తెచ్చుకున్నాడు. రెండో మ్యాచ్ సొంత మైదానంలో, ఎలాగూ గెలిచేదే. ఆ కార్డుతో పడే ఒక మ్యాచ్ నిషేధానికి అదొక్కటీ బయట కూర్చుంటే కార్డుల లెక్క తీరిపోతుంది, క్వార్టర్ ఫైనల్‌కు కడిగిన ముత్యంలా రావచ్చు. ఈ పని ఎందరో చేశారు, చేస్తున్నారు. రామోస్ చేసిన నేరమల్లా, అలాంటి ఆలోచన లేదంటే అబద్ధమవుతుందని మ్యాచ్ కాగానే మైకు ముందు చెప్పడం. తర్వాత మాట మార్చి సర్దుకోబోయినా యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ వినలేదు, ఒక మ్యాచ్‌ను రెండు చేసింది. యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అన్నారా! రామోస్ పైనుంచి చూస్తుండగా మాడ్రిడ్ 1-4తో ఓడింది. క్వార్టర్ ఫైనల్ రానేలేదు, మిగిలిన ఆ ఒక్క మ్యాచ్ శిక్ష ఎక్కడ అనుభవించాలో తెలియక తర్వాతి సీజన్‌కు మోసుకెళ్లాడు.

మంచితనానికి మార్కులు వేసే పద్ధతి కూడా ఉంది. 2018 ప్రపంచకప్ గ్రూపులో జపాన్, సెనెగల్ అన్ని లెక్కల్లోనూ సమానంగా నిలిచాయి. జపాన్‌కు నాలుగు ఎల్లో కార్డులు, సెనెగల్‌కు ఆరు. ఫెయిర్ ప్లే కింద జపాన్ ముందుకు, సెనెగల్ ఇంటికి. ఆ ఫెయిర్ ప్లే ఎలా సాధించారంటే, చివరి మ్యాచ్‌లో పోలండ్ చేతిలో 0-1తో ఓడిపోతూ, అవతలి మ్యాచ్‌లో సెనెగల్ కూడా ఓడిపోతోందని తెలుసుకుని, ఆఖరి పది నిమిషాలు బంతిని తమ సగంలోనే ఒకరికొకరు అందించుకున్నారు. గెలవబోయిందీ లేదు, ఎవరినీ తాకిందీ లేదు. స్టేడియం అంతా ఛీకొట్టింది. ఆట ఆడితే కార్డు వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి ఆడకపోవడమే క్రీడాస్ఫూర్తి అని ఇంత శుభ్రంగా నిరూపించినవాళ్లు మరొకరు లేరు.

వీడియో చూసి రిఫరీని సరిదిద్దే వీఏఆర్ వచ్చాక ఇవన్నీ ఆగిపోతాయని కొందరి ఆశ. అయ్యవారేం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారని సామెత. వీఏఆర్ ఆ పాటి కూడా చెయ్యదు. గోలు, పెనాల్టీ, నేరుగా ఇచ్చే రెడ్ కార్డు, ఒకడికి బదులు మరొకడికి కార్డు ఇవ్వడం, ప్రధానంగా ఈ నాలుగే దాని పరిధి. మైదానం మధ్యలో మీరు ఎంతసేపు పొర్లినా అదేమీ అనుకోదు.

ఈ వృత్తిలో నిజంగా ఒళ్లు దాచుకోకుండా పనిచేసినవాడు చిలీ గోల్ కీపర్ రోబెర్టో రోహాస్. 1989 సెప్టెంబరులో బ్రెజిల్‌లోని మరకానా స్టేడియంలో బ్రెజిల్‌తో ప్రపంచకప్ క్వాలిఫయర్. చిలీ 0-1తో వెనకబడి ఉంది. స్టాండ్స్ లోంచి మండుతున్న ఫ్లేర్ ఒకటి వచ్చి రోహాస్ దగ్గర పడింది. పొగలోంచి రక్తమోడుతున్న మొహంతో అతణ్ణి మోసుకుపోయారు, జట్టంతా వెళ్లిపోయింది. ఫొటోలు కడిగి చూస్తే ఫ్లేర్ అతణ్ణి తాకనే లేదు. గ్లవ్‌లో బ్లేడు దాచుకొచ్చి తనే కోసుకున్నాడు. ఫిఫా జీవితకాల నిషేధం వేసింది, చిలీని 1994 ప్రపంచకప్‌కు రానివ్వలేదు, 2001లో గానీ రోహాస్‌ను క్షమించలేదు. ఉత్తినే పడిపోయి ముఖం పట్టుకుని ఉంటే పదకొండున్నర వేలతో పోయేది కదా! రక్తం కూడా చూపించాలనుకోవడమే కొంపముంచింది. అతి ఎక్కడా పనికిరాదు.

ఇక చేతులు. 2009లో ఐర్లాండ్ మీద ఫ్రాన్స్ ఆటగాడు థియరీ హెన్రీ బంతిని చేత్తో రెండుసార్లు సముదాయించి తోటి ఆటగాడు గాలస్‌కు అందిస్తే, అది గోలై ఫ్రాన్స్ 2010 ప్రపంచకప్‌కు వెళ్లింది, ఐర్లాండ్ ఇంట్లో కూర్చుంది. హెన్రీకి శిక్ష లేదు. ఐర్లాండ్ సంఘం కోర్టుకెక్కకుండా ఫిఫా 50 లక్షల యూరోలు సర్దిందని 2015లో బయటపడింది. పాత సంప్రదాయమే. 1986 ప్రపంచకప్‌లో మెక్సికో సిటీలో ఇంగ్లండ్ మీద అర్జెంటీనా ఆటగాడు మారడోనా చేత్తో కొట్టిన గోలుకు దేవుడి చెయ్యి కూడా కాస్త సాయపడిందని ఆయనే చెప్పాడు. దేవుణ్ణి ఏ క్రమశిక్షణ సంఘం పిలిపిస్తుంది?

అయితే ఆ గోలు వల్ల బాగుపడ్డవాళ్ల జాబితా చూశాక మాత్రం నా గుండె నిండిపోయింది. బంతిని పొరపాటున తమ గోలు వైపే పైకి లేపి మారడోనాకు అందేలా చేసిన ఇంగ్లండ్ ఆటగాడు స్టీవ్ హాడ్జ్, మ్యాచ్ అయ్యాక మారడోనాతో జెర్సీ మార్చుకున్నాడు. 2022 మేలో వేలంలో దానికి 71 లక్షల పౌండ్లు పలికింది. ఆ చేతిని చూడలేకపోయిన ట్యునీసియా రిఫరీ అలీ బిన్ నాసర్ బంతిని దాచుకున్నాడు. అదే ఏడాది నవంబరులో అది 20 లక్షల పౌండ్లకు పోయింది. ఇంగ్లండ్ గోల్ కీపర్ పీటర్ షిల్టన్ ఒక్కడే లోకజ్ఞానం లేకుండా, మారడోనా ఒక్కసారైనా క్షమాపణ చెప్పలేదని ఏళ్ల తరబడి నొచ్చుకుంటూ ఉండిపోయాడు. చెప్పి ఉంటే మాత్రం ఏం చేసుకునేవాడు, దాన్ని ఏ వేలంశాల తీసుకుంటుంది?