ఎవాన్స్ ఉరి తర్వాత మరో నాలుగు హత్యలు

ఉరిశిక్ష మీద చర్చ వచ్చిన ప్రతిసారీ ‘నిర్దోషి బలైపోతే ఎలా?’ అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతాం. టిమోతీ ఎవాన్స్ కేసు చెప్పేది అంతకంటే ఘోరమైన సంగతి. తప్పుడు మనిషిని ఉరితీసిన రోజే అసలు హంతకుడి కోసం వెతకడం కూడా ఆగిపోతుంది.

1950 మార్చి 9న లండన్‌లోని పెంటన్‌విల్ జైల్లో ఎవాన్స్‌ను ఉరితీశారు. ఏడాది దాటిన కన్నకూతురు జెరాల్డిన్‌ను చంపాడన్నది అభియోగం. రిల్లింగ్‌టన్ ప్లేస్ పదో నంబరు ఇంటి వెనక, బట్టలుతికే గదిలో ఆ పసిదానితో పాటు తల్లి బెరిల్ శవమూ దొరికింది. చంపింది కింది వాటా క్రిస్టీయేనని ఎవాన్స్ కోర్టులో మొత్తుకున్నాడు. ఆ క్రిస్టీయే ప్రాసిక్యూషన్‌కు ముఖ్య సాక్షి, పైగా యుద్ధకాలంలో పోలీసుగా పనిచేసినవాడు. ఎవాన్స్‌కు చదువు రాదు, మాట మీద నిలకడ లేదు. జ్యూరీ 40 నిమిషాల్లో తేల్చేసింది.

అప్పటికే పెరట్లో తీగల పందిరికి ఊతంగా ఒక మనిషి తొడ ఎముక నిలబెట్టి ఉంది. సోదాకు వచ్చిన పోలీసుల్లో ఒక్కరి కంటా పడలేదు.

1953 మార్చిలో అదే ఇంట్లో ఉంటున్న ఒకాయన వంటగది గోడకు అంటించిన కాగితం చింపితే, లోపలి అరలో ముగ్గురు ఆడవాళ్ల శవాలు! ముందు గదిలో చెక్కల నేల కింద క్రిస్టీ భార్య ఎథెల్. క్రిస్టీ చంపిన ఈ నలుగురూ ఎవాన్స్‌ను ఉరితీసిన రోజుకు బతికే ఉన్నారు. పెరడు సరిగ్గా తవ్వి ఉంటే ఈ నలుగురూ చచ్చేవాళ్లు కాదు.

క్రిస్టీ లాంటివాడికి ఉరి కాక మరేం వేస్తారని అడగొచ్చు. తన భార్య బెరిల్‌ను బహుశా ఎవాన్సే చంపి ఉంటాడని, ఈ కేసును మళ్లీ విచారించిన జడ్జి బ్రాబిన్ 1966 నివేదిక అన్నదీ నిజమే. కానీ ఉరి పడింది కూతురి కేసులో. ఆ బిడ్డను అతను చంపి ఉండడని తేల్చింది కూడా ఆ నివేదికే. క్షమాభిక్ష వచ్చేసరికి మనిషి పోయి 16 ఏళ్లు.

ఎవాన్స్ మెడకు ఉరి బిగించింది నాటింగ్ హిల్ స్టేషన్లో పోలీసులు రాసుకున్న నేరాంగీకారం. పోలీసు అధికారి ముందు నేరం ఒప్పుకున్నా అది సాక్ష్యంగా చెల్లదని 1872లోనే మనకు చట్టం రాసిపెట్టింది ఈ తెల్లదొరలే. తమ రాజధానిలో మాత్రం ఆ రక్షణ లేకపోయింది. మరి చట్టంలో ఆ రక్షణ ఉన్న మనం చేస్తున్నదేమిటి? నిందితుడి మొహానికి ముసుగేసి కెమెరాల ముందు నిలబెడతాం. ‘నేరం ఒప్పుకున్నాడు’ అని పోలీసు అధికారి చెప్పగానే రాత్రికల్లా ఉరితీయాలంటూ పోస్టులు పెడతాం. కోర్టులో చెల్లని మాటను ప్రెస్ మీట్లో చదివి వినిపించడం ముందు ఆపించాలి. ఆ పని చేయాల్సింది హైకోర్టులే.