చూడగానే ఏ సంగీతమో తెలియాలి

మన ప్రవాస తెలుగు సంఘాల పత్రికలు ఏడాదికో రెండేళ్లకో సంగీత ప్రత్యేక సంచిక వేస్తుంటాయి. త్యాగరాజ ఆరాధన గురించైనా, పాత సినిమా పాటల గురించైనా, మన పిల్లల రాక్ బ్యాండ్ల గురించైనా అట్ట మాత్రం మారదు. అదే వీణ, అదే తామరపువ్వు, అదే బంగారు అంచు. లోపల నాలుగు పేజీలు తిప్పితే గాని అది ఏ సంగీతం తాలూకు సంచికో తెలియదు. ఈ పద్ధతి మానుకోవాలని మా గట్టి అభిప్రాయం. ఏ సంగీతానికి ఆ సంగీత పత్రికల పోలిక ఎప్పుడో స్థిరపడింది. దాన్ని తీసుకుని, తెలుగు లిపికి ఎక్కడ కుదరదో అక్కడ మార్చుకుంటే చాలు.

బ్రిటన్‌లో 1923లో మొదలైన గ్రామఫోన్ పత్రిక చూడండి. శాస్త్రీయ సంగీతం కాబట్టి ఒక్క కళాకారుడి ముఖం, చేతిలో వాద్యం, చుట్టూ ఖాళీ జాగా, నెమ్మదైన అక్షరాలు. అదే దేశంలో 1981లో వచ్చిన రాక్ పత్రిక కెర్రాంగ్ పేరే ఎలక్ట్రిక్ గిటారు మీటిన చప్పుడు. పత్రిక పేరు పగిలిన అద్దంలా ఉంటుంది, అట్ట మీద శీర్షికలు ఒకదాన్నొకటి తోసుకుంటుంటాయి. రెండిట్లోనూ పాఠకుడు ముందు చూసేది అక్షరాల తీరునే, చదవడం ఆ తర్వాత.

అయితే ప్రతి అలవాటు వెనకా ఒక కారణముంది. అది తెలియకుండా తెచ్చి అతికిస్తే పనికిరాదు. పత్రిక పేరు పైన, ముఖ్యమైన శీర్షికలు ఎడమవైపు పెట్టడం దుకాణాల అరల వల్ల వచ్చింది. ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు ఆ మేరకే కనిపిస్తుంది. మన పత్రిక పోస్టులో ఇంటికొస్తుంది, లేదా ఫోనులో బొటనవేలంత బొమ్మగా కనిపిస్తుంది. కాబట్టి ఎడమ అంచును నింపక్కర్లేదు. ఒకే బొమ్మ, నేరుగా మనవైపు చూసే కళ్లు, నాలుగైదు శీర్షికలు సరిపోతాయి. అట్టను ఫోను తెరపై అంగుళం వెడల్పుకు కుదించి చూడండి. పత్రిక పేరూ, ముఖమూ గుర్తుపట్టలేకపోతే మళ్లీ వేయాలి.

తెలుగు లిపి దగ్గర అసలు పని మొదలవుతుంది. ఇంగ్లీషు రాక్ పత్రికలు పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలతో అరుస్తాయి. మనకు పెద్దబడి, చిన్నబడి తేడా లేదు. ఆ అరుపు లావు, పరిమాణం, రంగుల్లోంచే రావాలి. వాళ్లు శీర్షిక వరుసల్ని దగ్గరగా నొక్కినట్టు మనం నొక్కితే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు గుద్దుకుంటాయి. శీర్షికల్లో వరుసల ఎడం అక్షర పరిమాణానికి కనీసం 120 నుంచి 130 శాతం ఉంచాలి. లోపలి వ్యాసానికి 12 పాయింట్ల అక్షరమైతే 17, 18 పాయింట్ల ఎడం కావాలి. అక్షరాల మధ్య అదనపు దూరం సున్నా దగ్గరే వదిలేయండి. పెంచితే గుణింతాలు విడిపోయినట్టు కనిపిస్తాయి. అక్షరాలకు అంచుగీత పెట్టాలనే మోజు కూడా వద్దు. చాలా ఫాంట్లలో తలకట్టూ గుడీ విడి ముక్కలుగా అక్షరం మీద కూర్చుంటాయి, గీత పెట్టగానే లోపలి అతుకులన్నీ బయటపడతాయి. శీర్షికకు రామభద్ర, వ్యాసానికి మండలి లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు సిలికానాంధ్ర సంస్థ చలవతో చేతికందుతున్నాయి. ఇన్‌డిజైన్‌లో పేజీలు కట్టేవారు పేరాకు వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. లేకపోతే వత్తులు విడిపోయి పొల్లులు పక్కన పడతాయి.

ఆరాధన సంచికకు ప్రాణం కృతి ముద్రణ. శీర్షిక కిందే రాగం, తాళం, ఆరోహణ, అవరోహణ ఉండాలి. ఆరభి అయితే 29వ మేళకర్త రాగం ధీరశంకరాభరణంలో జన్యమనీ, ఆరోహణ స రి మ ప ద స అనీ, అవరోహణ స ని ద ప మ గ రి స అనీ రాయాలి. పల్లవి, అనుపల్లవి, చరణం విడివిడిగా కనబడాలి. స్వరంతో సహా వేస్తే చాలామంది ఖాళీలు కొట్టి వరుసలు కలుపుతారు. ఫాంటు మారగానే స్వరమొక చోట, సాహిత్యమొక చోట పడుతుంది. పట్టిక వేయండి. ఆది తాళానికి ఎనిమిది గళ్లు. నాలుగో గడి తర్వాత ఒక గీత, ఆరో గడి తర్వాత ఒకటి, ఎనిమిదో గడి తర్వాత జంట గీత. పై వరుసలో స్వరం, కింద సాహిత్యం. దీర్ఘానికి వాడే కామా, సెమీకోలన్ విరామ చిహ్నాలు కావు, కాలం లెక్కలు. అచ్చుతప్పులు దిద్దే వారికి ఇది ముందే చెప్పాలి, లేదంటే శుభ్రం చేస్తున్నామనుకుని తీసేస్తారు. తారస్థాయిని (పై స్థాయిని) సూచించే చుక్క రి, ని మీద గుడికి తగులుతుంది కనుక చుక్కలకు పైన సన్నటి వరుస విడిగా ఇవ్వాలి.

పాడేవారు మధ్యలో పేజీ తిప్పలేరు. ఒక కృతి ఎదురెదురు పేజీల్లో ముగియాలి. మధ్యలో పిన్ను కొట్టే 32 పేజీల సంచికలో 16, 17 పేజీలు మాత్రమే బల్లపరుపుగా తెరుచుకుంటాయి. ఆ చోటు కృతికే ఇవ్వాలి. దాతల ప్రకటనలు గౌరవంగా వేరే చోట వేయవచ్చు.

సినిమా పాటల సంచికకు విదేశీ నమూనా అసలు వెతకనక్కర్లేదు. సినిమాహాలు బయట అమ్మిన పాటల పుస్తకమే మన సొంత నమూనా. పల్చటి కాగితం, ఒకటి రెండు రంగులు, తారాగణం, సగం కథ, చివర "శేషం వెండితెరపై". ప్రతి పాట నెత్తిన రచన, సంగీతం, గానం. ఆ క్రమం పాటిస్తే పాఠకుడికి చేతిలో పట్టుకోగానే ఊరు గుర్తొస్తుంది. ఎటొచ్చీ సాహిత్యం పూర్తిగా వేయాలంటే హక్కుదారుల అనుమతి ముందు తీసుకోవాలి.

అచ్చుకు పంపేటప్పుడు అమెరికా లెటర్ సైజుకు నాలుగు వైపులా అంగుళంలో ఎనిమిదో వంతు అదనం కలిపితే, అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన అట్ట బొమ్మ 2625 బై 3375 పిక్సెళ్లుండాలి. వాట్సాప్‌లో కుదించుకుని వచ్చిన 1600 పిక్సెళ్ల ఫొటో ఐదంగుళాలు దాటితే మసకబారుతుంది. ఫొటోగ్రాఫరు నుంచి అసలు ఫైలే అడగండి.

ఆ ఫొటో కింద పేర్లు వేసేటప్పుడు గాయకుడి పేరు ఒక్కటే వేసి "పక్కవాద్య సహకారంతో" అని తేల్చేయకండి. వయొలిన్, మృదంగం, ఘటం, వెనక కూర్చున్న తంబుర, ఎడమ నుంచి కుడికి, అందరికీ ఒకే సైజు అక్షరాలు.