ఎడమ పక్కన మూడడుగుల జాగీరు

హైదరాబాద్‌లో సైకిల్ తొక్కేవాళ్లకు వాహనదారులు పైసా తీసుకోకుండా పంచే సలహా ఒకటుంది: "ఎడమకు చావు!" మర్యాద తెలిసినవాళ్లు ఏసీ చల్లదనం పోతున్నా లెక్కచేయక అద్దం దించి మరీ చెబుతారు. సలహా సబబే. రోడ్డు అంచున మూడడుగులు సైకిలుకు వదిలేశాక నడిరోడ్డు మీద వీళ్లకేం పని? కాబట్టి ఆ జాగీరును ఒకసారి కొలిపించి, హద్దులు చూపించి, పట్టా చేతిలో పెట్టడం ధర్మం.

మొదటి అడుగు డ్రైనేజీది. పాత తారు గీకకుండా దాని మీదే కొత్త తారు పోస్తూ పోతాం కనుక, పక్కనున్న సిమెంటు కాలవ అంచుకూ తారుకూ మధ్య ఒకటి రెండు అంగుళాల గట్టు లేస్తుంది. దాని పక్కనే పోతున్న ముందు చక్రం ఒకసారి కిందికి జారిందా, తిరిగి ఎక్కదు. గట్టును రాసుకుంటూ పోతుంది. హ్యాండిల్ తిప్పితే చక్రం తిరగదు, మనిషి తిరగబడతాడు. ఇక వాననీటి జాలీలు. వాటి కడ్డీలు రోడ్డుకు అడ్డంగా ఉండాలి. నిలువుగా బిగిస్తే 25 మిల్లీమీటర్ల టైరు సందులోకి నిక్షేపంగా దిగుతుంది. బిగించినాయన కారు టైరుతో సరిచూసుకునే ఉంటాడు, ఆయన్ని అనడానికేం లేదు.

రెండో అడుగు ఇసుకది. కార్లు తిరిగే చోటును కార్ల చక్రాలే ఊడ్చి శుభ్రంగా ఉంచుతాయి. అలా ఊడ్చిన ఇసుక, గాజుపెంకులు, మేకులు అంచుకు చేరతాయి. అక్కడ మలుపులో ముందు బ్రేకు గట్టిగా పట్టినవాడు మరుక్షణం నేల మీద ఉంటాడు. వెనక బ్రేకు ఒక్కటే పట్టినవాడు ఎదురుగా ఉన్నదాన్ని గుద్దాక ఆగుతాడు. రెండూ కలిపి మెల్లగా, ఇసుక రాకముందే పట్టాలట. బాగానే ఉంది గానీ, వెనక హారన్ మోగుతున్నవాడికి ఇసుక ఎక్కడ మొదలవుతుందో కనిపించాలి కదా.

మూడో అడుగు సంగతి చెప్పాలంటే మొత్తం కొలత మార్చాలి. అక్కడ కారు ఆగి ఉంటుంది. దాని వెడల్పు దాదాపు ఆరడుగులు, తలుపు తెరిస్తే ఇంకో మూడు. అంటే తలుపు దెబ్బ తగలకుండా పోదలచినవాడికి ఎడమ అనేది అంచు నుంచి తొమ్మిది అడుగుల తర్వాతే మొదలవుతుంది. సరిగ్గా అక్కడే మనం అద్దం దించేది. నెదర్లాండ్స్‌లో దీనికో కిటుకు వాడతారు: తలుపుకు దూరంగా ఉన్న చేత్తో గడియ తీయడం. మన కార్లలో డ్రైవరుకైతే అది ఎడమ చెయ్యి. భుజం తిరుగుతుంది, దాంతో మెడ, దాంతో చూపు వెనక్కి పోతుంది. అయితే మన ఎడమ చేతిలో ఫోను ఉంటుంది, కాబట్టి ఈ విదేశీ పద్ధతి ఇక్కడ నడవదు.

దాటేటప్పుడు విడవాల్సిన దూరం మీద కూడా అనవసరపు రాద్ధాంతం. జర్మనీలో ఊరి లోపల కనీసం 1.5 మీటర్లు వదలాలని 2020లో రాసుకున్నారు. మనకు ఇంత లెక్క అక్కర్లేదు. అద్దం తగల్లేదంటే దూరం ఉన్నట్టే.

ఫ్రీ లెఫ్ట్ దగ్గర బస్సు పక్కన నిలబడే సైకిలు మాట చెప్పనే అక్కర్లేదు. మలుపులో బస్సు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో పోవు, లోపలికి కోసుకొస్తాయి. ఎడమ మూలన ఉన్నవాడు డ్రైవరు కంటికి ఆనడు. తెలిసినవాడు బస్సుకు బాగా ముందో, పూర్తిగా వెనకో నిలబడతాడు. ముందు నిలబడితే దారికి అడ్డం, వెనక నిలబడితే మన బంపరుకు అడ్డం.

"ట్యాక్సు కట్టేది మేము" అన్న మాట మాత్రం తిరుగులేనిది. కారు లైఫ్ ట్యాక్సు రాష్ట్ర ఖజానాలో కలుస్తుందనీ, అది ఈ గల్లీ రోడ్డు పేరనే రాసి పెట్టి ఉండదనీ, గల్లీకి ఇంటిపన్ను డబ్బూ పడుతుందనీ, ఆ ఇంటి అద్దెలో సైకిల్‌వాడి వాటా కూడా ఉందనీ కొందరు వాదిస్తారు. ఇంజినీర్లు మరీ దారుణం. ఇరుసు మీద బరువు పెరిగితే రోడ్డు అరుగుదల సుమారుగా దాని నాలుగో ఘాతంలో పెరుగుతుందంటారు, అంటే బరువు రెట్టింపైతే అరుగుదల పదహారు రెట్లు. ఇరుసుకు 750 కిలోల కారును, మనిషితో కలిపి ఇరుసుకు 45 కిలోల సైకిలుతో పోలిస్తే అది 77 వేల రెట్లు. అరుగుదలను బట్టి వసూలు చేస్తే సైకిల్‌వాడు రూపాయి కట్టినప్పుడు మనం 77 వేలు కట్టాలి. అందుకే ఇలాంటి లెక్కలు బడిలోనే వదిలేసి రావాలి.

ఇంతకీ ప్రభుత్వం ఊరుకోలేదు. 2023 అక్టోబరు 1న ఔటర్ రింగు రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచింది. వెడల్పు 4.5 మీటర్లు, పైన ఎండ తగలకుండా సోలార్ పలకల కప్పు. యూసఫ్‌గూడ నుంచి జూబ్లీహిల్స్‌కు డ్యూటీకి పోయే వాచ్‌మన్‌కు అది దారిలో తగలదు, కానీ అది ట్రాక్ తప్పు కాదు, అతని డ్యూటీ తప్పు. ఊళ్లో ఉండేవాడు అక్కడికి చేరాలంటే ముందు ఇదే రోడ్డు మీద పోవాలి గనుక, క్షేమంగా సైకిల్ తొక్కడానికి కావలసిన మొదటి వస్తువు కారు. వాహనదారుడికీ సైకిల్‌వాడికీ మధ్య తగువు ఇక్కడితో తీరిపోతుంది, ఇద్దరూ ఒకరే కాబట్టి. చేయాల్సింది కొంచెమే: వెనక సీటు మడిచి, పానా అక్కర్లేకుండా చక్రం ఊడేలా చేసే క్విక్ రిలీజ్ లివరు విప్పి, ముందు చక్రం ఊడదీసి, చైను ఉన్న వైపు పైకి వచ్చేలా సైకిలు పడుకోబెట్టాలి. గేర్లు వంగకుండా ఉంటాయి, సీటుకు గ్రీజూ అంటదు.