టికెట్టు ఇచ్చేది మనమే

2008 ఫిబ్రవరి 5న న్యూజెర్సీ డెమొక్రటిక్ ప్రైమరీలో, అంటే ఆ పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే పోలింగ్‌లో, సుమారు 11 లక్షల మంది ఓటు వేశారు. బరాక్ ఒబామా మీద హిల్లరీ క్లింటన్ లక్షకు పైగా మెజారిటీతో గెలిచారు. అదే రోజు ఐడహోలో జరిగిన కాకస్‌లకు, అంటే ఓటర్లు ఒకచోట చేరి తమ పక్షం ఎవరో చెప్పే సమావేశాలకు, వచ్చినవారు దాదాపు 21 వేల మంది. అక్కడ ఒబామా గెలిచారు. పార్టీ మహాసభలో అభ్యర్థిని ఖరారు చేసే ప్రతినిధులు, అంటే డెలిగేట్ల లెక్క తేలేసరికి న్యూజెర్సీలో హిల్లరీకి 59, ఒబామాకు 48. ఐడహోలో ఒబామాకు 15, హిల్లరీకి 3. అంటే అంత పెద్ద రాష్ట్రం ఆమెకు ఇచ్చిన ఆధిక్యం 11 అయితే, ఆ చిన్న రాష్ట్రం ఆయనకు ఇచ్చిన ఆధిక్యం 12.

న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనూ ఆ చుట్టుపక్కలా ఉండే తెలుగువారికి ఈ లెక్క కొత్తగా అనిపిస్తే అందుకు కారణం ఉంది. ఆ ఏడాది ఎన్నిక అనగానే మనలో చాలామందికి గుర్తుకు వచ్చేది నవంబరు 4 రాత్రి. నా దృష్టిలో దేశాధ్యక్షుడెవరో తేలడానికి దారి తీసిన అసలు పోరు జనవరి 3న అయోవాలో మొదలై జూన్ 3న మోంటానా, సౌత్ డకోటాలలో ముగిసింది. ఆ అయిదు నెలల్లో ఇద్దరికీ చెరి సుమారు 1.75 కోట్ల ఓట్లు వచ్చాయి. నిబంధన దాటి ముందుగా ప్రైమరీ పెట్టిన మిషిగన్‌ను లెక్కలో కలిపితే ఒకరు ముందుంటారు, తీసేస్తే మరొకరు. రాజకీయాల్లో అంత దగ్గరి పోటీ మళ్ళీ మళ్ళీ రాదు. అలాంటి పోటీలో కూడా పౌరసత్వం ఉండి ఇంట్లోనే ఉండిపోయిన మనవాళ్ళను తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా అభ్యర్థి ఎవరన్నది పార్టీ అధిష్ఠానం తేలుస్తుంది. ఆశావహులు నాయకుల ఇళ్ళ చుట్టూ తిరుగుతారు, జాబితా కోసం రోజుల తరబడి ఎదురుచూస్తారు, చివరికి బి-ఫారం ఎవరి చేతికి వస్తే వారే అభ్యర్థి. దక్కనివారు రెబెల్‌గా నామినేషన్ వేస్తారు, లేదా పార్టీ మారతారు. ఓటరుకు ఇందులో ఏ పాత్రా లేదు. అలాంటి వాతావరణంలో పెరిగినవాళ్ళం కాబట్టి, ఇక్కడి పౌరులమయ్యాక కూడా టికెట్టు ఎవరికివ్వాలన్నది ఎవరో పెద్దలు చూసుకునే వ్యవహారమనే అనుకుంటాం. ఇక్కడ ఆ పెద్దలు మనమే. పార్టీలో పదవి ఉండనక్కర్లేదు, చందా కట్టనక్కర్లేదు. నమోదైన ఓటరు అయితే చాలు, కొన్ని రాష్ట్రాల్లో మాత్రం ఆ పార్టీ పేరు మీద నమోదై ఉండాలి.

టెక్సస్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్ ప్రాంతాల్లో మనవాళ్ళు లేని పేట లేదు కదా. 2008 మార్చి 4న అక్కడ ఒకే రోజు రెండు ఎన్నికలు జరిగాయి. సాయంత్రం 7 గంటల వరకు ప్రైమరీ. పోలింగ్ ముగిశాక, అంతకుముందు ఓటు వేసినవారే మళ్ళీ తమ ప్రెసింక్ట్‌లో, అంటే తమ పోలింగ్ పరిధిలో, సమావేశమై ఎవరి పక్షమో చెప్పి సంతకం చేయాలి. ప్రైమరీ ద్వారా 126 మంది డెలిగేట్లు, కాకస్ ద్వారా 67 మంది. ప్రైమరీలో హిల్లరీ సుమారు లక్ష ఓట్ల తేడాతో గెలిచి 65 మందిని తెచ్చుకున్నారు, ఒబామాకు 61. రాత్రి కాకస్‌లలో ఒబామాకు 38, హిల్లరీకి 29. మొత్తం కలిపితే ఒబామాకు 99, హిల్లరీకి 94. పొద్దున ఓటు వేసి రాత్రి రెండోసారి రాని ప్రతి హిల్లరీ అభిమానీ ఆమె చేతిలోని గెలుపును కొంత జార్చుకున్నట్టే అయింది. టెక్సస్ డెమొక్రాట్లు తర్వాత ఈ రెండంచెల పద్ధతిని మానేశారు, మంచి పని చేశారు. రాత్రి పూట ఉద్యోగం చేసేవారినీ, చంటిపిల్లల తల్లులనూ బయటే నిలిపే పద్ధతి అది.

అంతకంటే ముఖ్యమైనది మరొకటుంది. ప్రైమరీ డెలిగేట్లను రాష్ట్ర సెనేట్ డిస్ట్రిక్టులవారీగా పంచినప్పుడు అన్నింటికీ సమాన వాటా ఇవ్వలేదు. అంతకుముందు 2004, 2006 సాధారణ ఎన్నికల్లో డెమొక్రటిక్ అభ్యర్థులకు ఎక్కువ ఓట్లు పడిన చోట ఎక్కువ మంది డెలిగేట్లు. ఆస్టిన్‌లోని డిస్ట్రిక్టుకు 8 మంది వస్తే, కొన్నింటికి అందులో సగం కూడా రాలేదు. ఒక పేట జనం ఒక ఎన్నికలో గడప దాటకపోతే ఆ నష్టం ఆ ఏడాదితో పోదు, నాలుగేళ్ళ తర్వాత వారి మాటకు ఉండే బరువును కూడా తగ్గిస్తుంది. పైగా నాలుగు స్థానాలున్న చోట ఒకరికి 60 శాతం వచ్చినా పంపకం చెరి రెండే. మూడో స్థానం కావాలంటే 62.5 శాతం దాటాలి. మూడు స్థానాలున్న చోట మాత్రం ఒక్క ఓటు ఆధిక్యం చాలు, ఒకరికి రెండు, మరొకరికి ఒకటి. ఒక అపార్టుమెంటు సముదాయంలోని తెలుగు కుటుంబాలు కదిలితే ఫలితం మారగలిగే చోట్లు ఇవే. నవంబరులో టెక్సస్ ఎటు మొగ్గుతుందో ముందే తెలిసిపోతుందని నిట్టూర్చేవారు మార్చిలో తమ చేతిలో ఎంత బలం ఉందో చూసుకోవాలి.

సొంత పార్టీలో ఇంత పోరు పార్టీకి చేటు కదా అని అప్పట్లో చాలామంది అన్నారు. ఆ భయం ఉత్తది కాదు. 1976లో కాన్సస్ సిటీ మహాసభ దాకా సాగిన రిపబ్లికన్ల పోటీలో జెరాల్డ్ ఫోర్డ్ 1,187 డెలిగేట్ ఓట్లతో, రోనాల్డ్ రీగన్ 1,070 ఓట్లతో నిలిచారు. నెగ్గిన ఫోర్డ్ నవంబరులో ఓడిపోయారు. 2008లో మాత్రం హిల్లరీ జూన్ 7న తప్పుకున్నారు, ఆగస్టులో డెన్వర్ మహాసభలో ఒబామాను ఏకగ్రీవంగా ప్రకటించాలని ఆమే ప్రతిపాదించారు, తర్వాత ఆయన ప్రభుత్వంలో విదేశాంగ మంత్రి అయ్యారు. ఓడినవారి మద్దతుదారులకు తమ ఓటు లెక్కలోకి వచ్చిందన్న నమ్మకం ఉంటేనే ఇలాంటి సయోధ్య సాధ్యం. ఆ నమ్మకం ఆ ఏడాది కొన్ని చోట్ల బాగా దెబ్బతిన్నది. మిషిగన్, ఫ్లోరిడా రాష్ట్రాలు నిబంధన దాటి ముందుగా ప్రైమరీలు పెట్టాయని వాటి డెలిగేట్లను పార్టీ మొదట పూర్తిగా రద్దు చేసింది, మే 31న సగం ఓటు ఇచ్చింది, మహాసభ నాటికి పూర్తి ఓటు ఇచ్చింది. పార్టీ నాయకులు చేసిన తప్పుకు శిక్ష పడింది ఓటరుకు. ఓటర్ల తీర్పుతో పని లేకుండా పదవి వల్లే ఓటు ఉన్న పార్టీ నాయకులు, అంటే ఇంచుమించు అయిదో వంతు బలం ఉన్న సూపర్ డెలిగేట్లు, ఎటు మొగ్గుతారోనన్న ఆందోళన చివరిదాకా ఉంది. 2018లో పార్టీ వారి అధికారాన్ని తగ్గించింది. పోటీ తేలకుండా మహాసభకు వస్తే మొదటి విడతలో వారికి ఓటు లేదు. ఆలస్యమైనా అది న్యాయమైన నిర్ణయం.

ఇక మన సంగతి. 2007 జూన్‌లో ఒబామా ప్రచార బృందం పంచిన ఒక పత్రం హిల్లరీని, ఆమె రాష్ట్రం పేరు ఉండాల్సిన చోట పంజాబ్ పేరు పెట్టి, పంజాబ్ డెమొక్రాట్ అని ఎద్దేవా చేసింది. భారతీయ అమెరికన్ల విరాళాలు, భారతీయ కంపెనీలతో సంబంధాలు అందులోని విషయం. భారతీయులు అభ్యంతరం చెప్పారు, అది తప్పని ఒబామా ఒప్పుకున్నారు. అవమానం సంగతి అలా ఉంచితే, ఆ కాగితంలో మనం కనిపించింది చెక్కులు రాసేవాళ్ళుగానే. విందుకు వెయ్యి డాలర్లు ఇచ్చి అభ్యర్థి పక్కన ఫోటో దిగినవారు ప్రైమరీ రోజున పోలింగ్ కేంద్రానికి వెళ్ళకపోతే ప్రచార నిర్వాహకులకు అది తెలిసిపోతుంది. ఎవరికి వేశారో రహస్యం, వేశారా లేదా అన్నది రహస్యం కాదు. ఓటు వేసిన పేటల తలుపులే వారు మళ్ళీ తడతారు.

రాష్ట్రానికో నియమం కావడం వల్ల శ్రద్ధ ఉన్నవారు కూడా పొరబడతారు. టెక్సస్, జార్జియా, వర్జీనియాలలో పార్టీ నమోదు అనేదే లేదు, ఆ రోజు ఏదో ఒక పార్టీ బ్యాలెట్ అడిగితే చాలు. న్యూజెర్సీలో ఏ పార్టీకీ చెందనివారు అక్కడికక్కడ పార్టీ ఎంచుకోవచ్చు. పెన్సిల్వేనియా, న్యూయార్క్‌లలో ముందుగా ఆ పార్టీలో నమోదై ఉండాలి. 2016 ఏప్రిల్‌లో జరిగిన న్యూయార్క్ ప్రైమరీకి పార్టీ మారే గడువు అంతకుముందు అక్టోబరులోనే ముగిసింది. డొనాల్డ్ ట్రంప్ పిల్లల్లో ఇద్దరు ఆ కారణంగానే తండ్రికి ఓటు వేయలేకపోయారు. ఆ గడువును తర్వాత ఫిబ్రవరికి జరిపారు.

2028లో రెండు పార్టీలూ కొత్త అభ్యర్థిని వెతుక్కోవాలి. ఏ పార్టీ అయినా సరే, మన సంఘాలు ఇప్పుడే పని మొదలుపెట్టాలి. పన్ను మినహాయింపు ఉన్న సంఘం ఏ అభ్యర్థినీ సమర్థించకూడదు కానీ ఓటర్ల నమోదు చేయించడానికి చట్టం అడ్డు చెప్పదు. ఉగాది సంబరాలు సరిగ్గా ప్రైమరీల కాలంలోనే వస్తాయి కాబట్టి నమోదు బల్ల అంతకుముందే, దీపావళికీ సంక్రాంతికీ వేయాలి. ఈ పత్రికలో ప్రతి రాష్ట్రం గడువులూ ముందుగా ప్రచురించాలి. ఒహాయో, ఇల్లినాయి, మేరీలాండ్, వర్జీనియా వంటి చోట్ల నవంబరు ఎన్నిక నాటికి 18 నిండే పిల్లలు 17 ఏళ్ళకే ప్రైమరీలో ఓటు వేయవచ్చు. ఆ పిల్లల పేర్లు మన తెలుగు బడుల జాబితాల్లో ఇప్పటికే ఉన్నాయి. బడి నడిపేవారు ఆ కుటుంబాలకు ఫోను చేసి చెప్పాలి.